అమ్మ చెప్పని అభిప్రాయం

మా ఇంట్లో ఆకులకు ఎప్పుడూ కొదవ లేదు. అమ్మకు తునికాకులు, నాకు విడాకులు. ఆమె తన ఆకులను తడిపి, కత్తిరించి, బీడీలు చుట్టి, కట్టలు కట్టి కార్ఖానాకు పంపించేస్తుంది. నావి మాత్రం ఆరేళ్లుగా బీరువాలో చీరల మడతల కిందే ఉన్నాయి.

కోరుట్లలో మా వాడకట్టున పొద్దు వాలుతుంటే మా అరుగు మీదికి ఇద్దరు ఆడవాళ్లు చాటలు పట్టుకుని వస్తారు. ఒకరు పక్కింటి వదినె. భర్త పన్నెండేళ్లుగా దుబాయిలో ఉన్నాడు కాబట్టి అందరూ ఆమెను దుబాయి వదినె అంటారు, ఆమె మెట్‌పల్లి సంత దాటి చూసింది లేకపోయినా. ఇంకొకరు అమ్మకు వరుసకు అక్క, నాకు పెద్దమ్మ. డెబ్బై దాటింది. ఆమెకు ఆకు మంచిదో కాదో కళ్లు చెప్పవు, వేళ్లు చెబుతాయి.

ఒకప్పుడు అరుగు మీదికి టీవీ తెచ్చి పెట్టారు. టీవీ చూడాలంటే తలెత్తాలి, తలెత్తితే బీడీ వదులవుతుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి పడింది. చదువు వచ్చినవాళ్లు ఫోన్లో వచ్చే సీరియల్ కథ పైకి చదవాలి, వాళ్లు చదివినంతసేపూ వాళ్ల వాటా బీడీలు మిగతావాళ్లు చుట్టాలి. నాకు చుట్టడం రాదు. నేను చుట్టినదాన్ని పెద్దమ్మ ఒకసారి వెలుగుకు పెట్టి చూసి, "గిది బీడీనానే, మురుకానా?" అంది. ఆనాటి నుంచి నా వాటాను చాయ్‌గా మార్చారు.

పగలు జగిత్యాలలో ఒక జిరాక్సు దుకాణంలో టైపు చేస్తాను. పొద్దున పెళ్లి పత్రికలు, మధ్యాహ్నం విడాకుల అర్జీలు. రెండింటికీ ఒకటే కీబోర్డు. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద ఫోన్ తెరుస్తాను.

ఆ ఏడాది నేను చదువుతున్నది ఒక ప్రేమ నవల. వారానికి ఒక భాగం వచ్చేది. విడాకులైన ఒక నర్సు, విడాకులైన ఒక మగ్గం పనివాడు. రాసేవాళ్ల పేరు అసలు పేరు కాదు, మారుపేరు. ఆ మారుపేరు నాదే. ఈ సంగతి అరుగు మీద ఎవరికీ తెలియదనుకున్నాను. నేను రాసింది నేనే చదివి, అక్కడక్కడా "ఎంత బాగ రాసిందో" అని నన్ను నేనే మెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

యాప్‌లో పాఠకుల అభిప్రాయాలు కథ కిందే కనిపిస్తాయి. "సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ తొందరగా." "మొదటి మొగుణ్ణి లారీ కింద పడేయండి ప్లీజ్." ఒకాయన మాత్రం ప్రతిసారీ, "ఇలాంటివి రాసి సంసారాలు పాడు చేయకండి" అని రాసేవాడు. ప్రతి వారం అందరికంటే ముందు చదివి పాడయ్యేది ఆయనే.

ఇంకొకాయన అభిప్రాయం వేరుగా ఉండేది. నా కథానాయకుడిది సిరిసిల్ల. ఆమె గుమ్మంలోకి రాగానే అతడు మగ్గం ఆపాడనీ, అంతా నిశ్శబ్దమైందనీ రాశాను. దాని కింద ఒక జవాబు వచ్చింది: "మేడమ్, మా దగ్గర ఒక్క మగ్గం ఆపితే పక్కన పదకొండు నడుస్తనే ఉంటయి. నిశ్శబ్దం గావాలంటే కరెంటు పోవాలె." మరుసటి భాగంలో కరెంటు తీయించాను. ఆయన దండం బొమ్మ పెట్టాడు. అట్లా కరెంటు పోయిన చోట మా మాటలు మొదలయ్యాయి.

ఆయన సిరిసిల్లలో మగ్గాలు బాగుచేస్తాడు. ఆయనకూ విడాకులయ్యాయి. జగిత్యాల బస్టాండు దగ్గరి హోటల్లో నాలుగు నెలల్లో ఓ ఆరుసార్లు చాయ్ తాగి ఉంటాం. ఆరోసారి కప్పు కింద పెట్టి అన్నాడు: "ఆదివారం మా అక్కతోటి మీ ఇంటికి వస్త. మీ అమ్మనే అడుగుత."

"కాదంటే?"

"కాదంటే ఊకుంట. తల్లిని బాధ పెట్టి నువ్వొచ్చుడు నాకద్దు."

నాకూ అది వద్దు. కోర్టు మెట్ల మీద ప్రతి వాయిదాకూ టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్నది అమ్మే. అంటే ఆదివారం అమ్మ నోటి నుంచి వచ్చే మాటతో ఈ కథ నిలుస్తుంది, లేదా అక్కడే ఆగిపోతుంది. ఆ సంగతి అమ్మకు తెలియదు. నేను చెప్పలేదు. కథలో అయిదు పేజీల సంభాషణ గంటలో రాసే మనిషిని, అమ్మతో ఒక్క వాక్యం అనలేకపోయాను. చేతకానివాళ్లు ఏం చేస్తారో అదే చేశాను. ఒక భాగం రాశాను.

గురువారం దాన్ని అరుగు మీద చదివాను. అందులో మగ్గం అతను తన మొదటి భార్య తనను ఎంత కాల్చుకు తిన్నదో చెప్పి రెండు పేజీలు ఏడుస్తాడు. నర్సు ఇంటికి వెళ్లి తల్లికి రెండో పెళ్లి మాట చెబుతుంది. తల్లి గోడలా నిలబడి, "మన పరువేం కావాలి?" అంటుంది. అక్కడితో భాగం అయిపోతుంది. ఆ కన్నీళ్లకు యాప్‌లో అప్పటికే బోలెడు గుండె బొమ్మలు వచ్చాయి.

పెద్దమ్మ గుండె బొమ్మ పెట్టలేదు. "ఆగు బిడ్డా. గా మొగోడు మొదటి పెండ్లాం మీద గంతగనం జెప్పవట్టె, ఏంది కత?"

"బాధ చెప్పుకుంటుండు పెద్దమ్మా."

"బాధ గాదే, చాడీ. ఇయ్యాల ఆమె మీద ఈమెకు జెప్పినోడు, రేపు ఈమె మీద ఇంకోతికి జెప్తడు. గసొంటోన్ని నమ్మద్దు."

దుబాయి వదినె ఒప్పుకోలేదు. "పాపం, ఎదురుంగ గూసోని ఏడ్సిండు గదా అత్తమ్మా! మాయన ఏడ్సినా నెట్‌వర్క్ లేక నాకు ఇనవడది." నవ్వుతూనే అంది. నవ్వు అయిపోయాక దారం కాస్త గట్టిగా లాగింది. "నాకు కోపమంత గా తల్లి మీద. బిడ్డ ఇన్నేండ్లకు జెర నవ్వుతుంటే ఆమెదేం పోయింది?"

"పోయేటిది ఆమెదే," అంది పెద్దమ్మ. "మొదటి సంబంధం ఎవలు జూసిండ్రు? తల్లే జూసి ఉంటది. తాను జూసి ఇచ్చినదే గట్లయితే, మల్ల ఏ నోటితోని సరే అంటది? మల్లా గట్లనే అయితే బిడ్డ మొకం ఎట్ల జూస్తది? పరువు అనేది పైకి అనే మాటనే. లోపట ఉన్నది బయం."

ఫోన్ నా చేతిలో వేడెక్కింది. ఇరవై రెండు భాగాలు రాశాను, ఈ ముక్క నాకు తట్టలేదు. నా మొదటి సంబంధం కోసం మెట్‌పల్లి పోయి, వాళ్లింట్లో చాయ్ తాగి, "మంచోళ్లే" అని తల ఊపి వచ్చింది అమ్మే.

అమ్మ వైపు చూశాను. చేతులు ఆగలేదు.

"నీకేమనిపించిందమ్మా?"

"చదువు."

"అయిపోయింది."

"అయిపోతే చాయ్ పెట్టు."

మరునాడు సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "లోపటికి పోయి ఏమనకు. పొద్దుగాల కార్ఖానల గుమాస్తా మీయమ్మ కట్టలు ఇప్పి జూసిండు. ఒకదాంట్ల ఇరవై మూడు, ఇంకోదాంట్ల ఇరవై ఏడు. అందరి ముంగట తిరిగిచ్చిండు."

కట్టకు ఇరవై అయిదు. అమ్మ ముప్పై ఏళ్లుగా చుడుతోంది. ఆమె లెక్కపెట్టదు, వేళ్లే లెక్కపెట్టుకుంటాయి. జ్వరంలో తప్పలేదు, నాన్న పోయిన నెలలో తప్పలేదు. మరి ఇది ఏ పూట కట్టిన కట్టో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లోపల అమ్మ నేల మీద కట్టలన్నీ విప్పి, మళ్లీ లెక్కపెడుతోంది. పక్కన కూర్చున్నాను. ఆమె నాలుగో కట్టకు ముడి వేసింది.

"గా కతల తల్లి," అంది తల ఎత్తకుండానే. "ఊకె నిలవడి పరువు పరువు అంటది. ఆమెకు ఇంకేం మాటలు రావా? రాసేటామెకు జెప్పు."

"రాసేటామె ఎక్కడుంటదో నాకేం తెలుసమ్మా?"

"చాయ్‌ల ఉప్పేసిన సంగతి మరి ఆమెకెట్ల దెలిసె?"

కోర్టు తీర్పు వచ్చిన రోజు ఇంటికొచ్చి అమ్మ చాయ్ పెట్టింది. చక్కెర అనుకుని ఉప్పు వేసింది. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా మొత్తం తాగేశాం. ఈ ప్రపంచంలో ఆ సంగతి ఇద్దరికే తెలుసు. దాన్ని మూడో భాగంలో పెట్టి, అరుగు మీద గొంతెత్తి చదివిన తెలివి నాది.

"గప్పుడే దెలిస్తే గప్పుడే అనొద్దా?"

"అంటే నువ్వు రాసుడు బందు వెడుదువు. ఎనుక కతల ఏమైతదో నాకెట్ల దెల్వాలె?" ఇంకో కట్టకు దారం చుట్టింది. "సిరిసిల్లాయిన నిజంగ ఉన్నడా, కతలనేనా?"

"ఉన్నడు. ఎల్లుండి వాళ్లక్కను తీస్కోని వస్తనన్నడు."

దారం తెంపిన చప్పుడు వినిపించింది. "రానీ. గాని ఆయినకు ముందుగాల్ల ఏం జెప్పకు. నా ముచ్చట్లు, పెద్దమ్మ ముచ్చట్లు, ఏం జెప్పకు."

'రానీ' అన్నది బస్సుకు దొరికిన అనుమతి. నాకు కాదు.

శనివారం మొత్తం ఫోన్ చేతిలోనే ఉంది. 'మొదటామె గురించి అడిగితే చెడుగా చెప్పకు' అని టైపు చేశాను. తుడిచేశాను. మళ్లీ చేశాను. పంపిస్తే ఆయన గట్టెక్కుతాడు, కానీ అమ్మకు ఇంకోసారి తప్పుడు మనిషిని చూపించినదాన్ని అవుతాను. ఈసారి మోసం నాదే అవుతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఆయన ఆమె గురించి నాకెన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కథలో ఆ రెండు పేజీల ఏడుపు నేను కల్పించిందే. అసలు సంగతి ఏమిటో నాకూ తెలియదు. దుకాణంలో ఆ రోజు ఒక పెళ్లి పత్రికలో వధువు పేరున్న చోట వరుడి పేరు కొట్టాను.

ఆదివారం వేములవాడ మీదుగా వచ్చే బస్సు పదకొండు దాటాక వచ్చింది. వాళ్లక్క ఆపిల్ పండ్ల సంచితో, ఆయన ఇస్త్రీ చొక్కాతో అరుగెక్కారు. ఆదివారమైనా దుబాయి వదినె, పెద్దమ్మ చాటలతో సహా హాజరు. "పని మిగిలింది," అంది వదినె. ఆమె చాటలో నాలుగంటే నాలుగే ఆకులున్నాయి.

ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ వేశాను. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. మంచినీళ్లయ్యాయి. ఎండల ముచ్చట అయింది. తర్వాత అమ్మ, తల ఎత్తకుండా అడిగింది:

"మీ మొదటామె ఇప్పుడు ఎట్లున్నది?"

వాళ్లక్క గబుక్కున అందుకుంది. "గామె ముచ్చట ఇప్పుడెందుకమ్మా? మా తమ్మున్ని ఎంత సతాయించిందో నన్నడుగుండ్రి..."

"అక్కా," అన్నాడు ఆయన. ఆమె ఆగింది. పెద్దమ్మ కత్తెర కూడా ఆగింది. ఆయన అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. నేను ద్వారబంధం పట్టుకున్నాను.

"మంచిగనే ఉన్నదటమ్మా. మల్ల పెండ్లయింది. ఒక బాబు గూడ."

"ఎందుకు పోయింది మరి?"

ఆయన కుర్చీ అమ్మ దిక్కు జరుపుకున్నాడు.

"మా దగ్గర మగ్గాలు బందయినప్పుడు ఎనిమిది నెలలు పని లేకుండె. ఇంట్లనే ఉన్న. తిట్టలే, కొట్టలే. మాట్లాడుడు బంద్ జేసిన. ఆమె ఏమన్న అడిగితే గోడ దిక్కు మల్లెటోన్ని. 'ఒక్క మాటన్న అను' అని ఏడ్సేది. అనకపోతి. ఆమె పోయినంకగాని నాకు సమజు గాలే. తప్పు ఆమెది లేదమ్మా."

వాళ్లక్క నెత్తి కొట్టుకుంది. ఇది చాడీ కాదు. కానీ గోడ దిక్కు తిరిగి పడుకున్న మనిషిని ఏ తల్లి ఒప్పుకుంటుంది? నా కథానాయకుడే నయం, కనీసం ఏడ్చాడు.

"ఇప్పుడు మాట్లాడుతవా?" అంది అమ్మ.

"ఈమెతోటి మాట్లాడుతున్న. మొదటి మాటే ఈమె తప్పు జెప్పిన, మగ్గం సంగతి."

వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ నవ్వలేదు. చేతిలోని బీడీలను చాటలో పరిచి, ఎన్నడూ లేనిది, పైకి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఇరవై అయిదు దగ్గర ఆగి, దారం చుట్టి, ముడి వేసింది. ఆయన వైపు మొదటిసారి తిన్నగా చూసింది.

"బస్సు ఎన్నింటికి?"

"మూడున్నరకమ్మా."

"అయితే ఇద్దరు అన్నం తినిపోండ్రి." చాట పక్కన పెట్టి లేస్తూ నా దగ్గర ఆగింది. వాళ్లకు వినపడకుండా అంది: "గా కతల తల్లిని జెర మంచిగ రాయి బిడ్డా. మొదటిసారి గూడ ఆమె మంచోడనుకునే ఇచ్చింది."

వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసి, గిన్నెలోకి గ్లాసుతో బియ్యం కొలవడం మొదలుపెట్టాను. మూడో గ్లాసు పోశానో, నాలుగోదో గుర్తు రాలేదు. అన్నీ మళ్లీ డబ్బాలో పోసి మొదటి నుంచి కొలిచాను. ఈసారి పైకే లెక్కపెట్టాను.