దుమ్మా, పొడా?

మొన్న బ్రాడీపేటలో కొన్న కారం పొట్లం వెనక, ఎగుమతి కోసం కాబోలు, నాలుగైదు భాషల్లో అచ్చువేసిన పేర్ల మధ్య 'పోల్వో' అనే స్పానిష్ మాట కనిపించేసరికి, కళ్లద్దాలు సవరించుకుంటూ అంగట్లోనే నిలబడిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రసాయనశాస్త్రం చదివి వచ్చిన నేను అద్దంకి దగ్గర మా మేనమామ కారం మిల్లులో సరుకు పరీక్షలు చూసేదాన్ని. మిల్లుకు తొలి విదేశీ బేరం కుదరబోతోంది. అదీ తప్పితే తలుపులు మూయడమేనని మామయ్య అప్పటికే అంటున్నాడు. స్పెయిన్ నుంచి కొనడానికి వచ్చినాయన, ఇంగ్లీషు బొత్తిగా రాదు, మా కారం అరచేతిలో పోసుకుని "పోల్వో, పోల్వో" అన్నాడు. దుమ్మంటున్నాడని వెంట వచ్చిన దళారి అర్థం చెప్పాడు.

మామయ్య ముఖం పాలిపోయింది. "దుమ్మెక్కడిదే అమ్మాయ్, కల్లంలో పట్టాలేసి మరీ ఎండబెట్టిన కాయ గదా" అన్నాడు.

ఎవరు చెప్పినా పరీక్షించనిదే నమ్మేదాన్ని కాను కనుక, కాస్త కారం పింగాణీ మూసలో కాల్చి, ఆ బూడిదను ఆమ్లంలో మరిగించాను. మట్టి ఉంటే కరగకుండా అడుగున మిగలాలి. చెప్పుకోదగ్గంత ఏమీ మిగల్లేదు. సరుకు నిజం చెబుతున్నప్పుడు పొరపాటు మాటలోనే ఉండాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన కందిపొడి గిన్నె వైపు చెయ్యి చాపి, నవ్వుతూ మళ్లీ "పోల్వో" అన్నాడు. అత్తయ్య ఇంత నెయ్యితో మారు వడ్డిస్తూ, "దుమ్మయితే ఇంకాస్త పెట్టమంటాడటే? ఆ దళారి చదువు మట్టిగొట్టుకుపోను" అంది.

ఒక్క నిదర్శనంతో తృప్తి పడలేక, ఆయన భోజనం ముగించగానే వాకిట్లోకి పిలిచి, దుమ్ముపట్టిన స్కూటరు సీటు మీద వేలితో గీత గీసి చూపించాను. "పోల్వో" అన్నాడు, ఈసారి ముక్కు చిట్లించి. దుమ్ముకూ పొడికీ వాళ్లకు ఒకటే మాట. ఏదన్నది సందర్భమే చెబుతుంది. రుచినీ పొడినీ రెంటినీ మనం కారమనడం లేదూ?

లోపలికి వెళ్లి చెప్పగానే మామయ్య బరువుగా ఊపిరి వదిలి, అంతదాకా ముట్టని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి బేరం ఖాయమైంది.

ఇప్పుడు ఫోనునడిగితే రెండర్థాలూ రెప్పపాటులో చూపిస్తుంది. సరిచూశాను, తప్పేమీ లేదు. కానీ ఒక్క మాటకు అర్థం తేలేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టి, అది తేలాక అందరూ ఒకేసారి తేలికపడటం మాత్రం ఇక ఏ ఇంట్లోనూ జరగదేమో.