మా కింది అంతస్తు వైకింగ్ నాయకుడు

జర్మనీలోని హానోవర్‌లో మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన రిటైరైన వడ్రంగి. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ఆయన వైకింగుల నాయకుడు. వెయ్యేళ్ల కిందటి ఆ సముద్ర వీరుల్లా బతికి చూడాలని సరదాపడే కొన్ని కుటుంబాలు ఊరి బయట చెరువు పక్కన గుడారాలు వేసుకుని వారం పాటు ఉండేవి. కట్టెల పొయ్యి మీద వంట, ఒంటి మీద ఉన్ని బట్టలు, ఫోన్లు ముట్టేది లేదు. ఆ గుంపును మొదలుపెట్టింది ఆయనే. నాయకత్వమంటే ఉత్త వేషం కాదు. తగాదాలొస్తే ఆయనే తీర్చాలి, కొత్తగా వచ్చినవాళ్లను ఆయనే కలుపుకోవాలి. మమ్మల్నీ అలాగే కలుపుకున్నారు. మా పాప ఆయన్ని ‘ఓపా’ అనేది, తాతయ్యా అని.

తర్వాత ఆయనకు చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. గొడ్డలి పట్టడం మానేశారు, కాఫీ కప్పు రెండు చేతులతో ఎత్తేవారు. ఇక నాయకుడెవరన్న మాట గుంపులో లేచింది. చాలామంది ఒక స్కూలు మాస్టారి వైపు మొగ్గారు. పెద్దాయన ఆ మాట దాటేసేవారు.

నాతో మాత్రం మెట్ల మీద ఒకసారి అన్నారు. "మా అమ్మాయికిస్తా. పడవ కట్టడం నా దగ్గరే నేర్చుకుంది."

ఆ అమ్మాయి దూరంగా కార్ల్స్‌రూహె అనే ఊళ్లో ఉంటుంది. గుడారాలకు రావడం మానేసి చాలా ఏళ్లయింది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఎండాకాలం ఆమె జీన్స్ ప్యాంటులోనే వచ్చింది. నేను పొయ్యి పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆయన నా ముందే అడిగారు.

"నా తర్వాత నువ్వు చూసుకో."

"పంతొమ్మిదేళ్లప్పుడు నేనే అడిగాను నాన్నా. ఆడపిల్ల నాయకురాలేంటని అందరి ముందూ నవ్వావు."

"అప్పుడు నాకు బుద్ధి లేదు."

"ఇప్పుడు నాకు కోపం లేదు. ఆ కోరికా లేదు. నిన్ను తీసుకెళ్దామని వచ్చాను. మా ఇంటి దగ్గర వృద్ధాశ్రమంలో గది దొరికింది."

ఆయన నా వైపు చూశారు, నేనేమైనా అంటానేమోనని. నేను మళ్లీ ఉల్లిపాయలు తరగడం మొదలెట్టాను.

సాయంత్రం ఆయన అందరినీ పిలిచి, తను కప్పుకునే ఎర్ర ఉన్ని శాలువా తీసి మాస్టారి భుజాల మీద వేశారు. దానికి కంచు పిన్ను పెట్టబోతే వేళ్లు నిలవలేదు. పిన్ను రెండుసార్లు గడ్డిలో పడింది. మాస్టారు తల వంచుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరికి కూతురే వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. తండ్రీ కూతుళ్లు కలిసి ఆ పిన్ను గుచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం గుడారంలోకి వెళ్లి కూర్చున్నారు.

మళ్లీ నేను ఆయన్ని చూడ్డానికి కార్ల్స్‌రూహె ఆశ్రమానికి వెళ్లేసరికి ఆకులు రాలుతున్నాయి. మాస్టారు బాగానే నడుపుతున్నాడని చెప్పాను. ఆయన వినలేదనుకుంటా.

"నాయకత్వం అడిగిన రోజు మా అమ్మాయి ఆకుపచ్చ గౌను వేసుకుంది," అన్నారు. "ఆ రోజు కోసమే సొంతంగా కుట్టుకుంది. ఎంత బాగుందో. ఆ మాట కూడా అనలేదు నేను."

ఇప్పుడు చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్పాను. తనకి ఆ గౌనే గుర్తులేదంది."

ఆ చలికాలమే ఆయన పోయారు. ఓపా ఇక లేరని మా పాపతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.