మంచె మీద మూడో మనిషి

మా ఆయన ఇంట్లో మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అన్నం పెట్టు, నీళ్లు తే, చొక్కా ఏది, సారు వస్తున్నడు. అంతకు మించి ఉండేది కాదు. కారేపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే గెస్ట్ హౌస్‌లో ఆయన వాచర్. రెండు గదులు, ముందు వరండా, వెనక మా వంటిల్లు. జంతువులను చూడడానికి పట్నాల నుంచి వచ్చేవాళ్లు అందులో దిగేవారు. వాళ్లకు వంట చేయడం, దుప్పట్లు ఉతకడం నా పని.

వైరా కాలువ కింద వరి పొలాల్లో పెరిగిన నేను ఆయనను చేసుకుని టేకు చెట్ల మధ్యకు వచ్చాను. వచ్చి పదకొండేళ్లయినా అడవిదున్నను చూడలేదంటే మా చెల్లెలు నమ్మేది కాదు. వేసవిలో వాగు ఎండిపోతే ఇసుకలో మా ఆయన చెలమ తవ్వేవాడు. పొద్దు వాలే వేళ జంతువులు ఆ చెలమ దగ్గరికి నీళ్లకు వచ్చేవి. ఒడ్డున నల్లమద్ది చెట్టు మీద మంచె కట్టి ఉండేది. వచ్చినవాళ్లను దాని మీద కూర్చోబెట్టి చూపించేవాడు. సరిగ్గా ఆ వేళకు నేను పొయ్యి ముందు ఉండేదాన్ని. కొత్తలో ఒకసారి అడిగాను, నన్నూ తీసుకుపొమ్మని.

"ఆడోళ్లు నోరు మూసుకొని గంట సేపు కూసోలేరు" అన్నాడు. నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆ లెక్చరరమ్మ వచ్చింది. హైదరాబాదులో కాలేజీ పిల్లలకు జంతువుల పాఠం చెప్పేదట. నా ఈడుదే. కాళ్లకు గుడ్డ బూట్లు, మెడలో దుర్భిణి. వచ్చిన సాయంత్రమే ఆమెను మంచె ఎక్కించాడు. ఆమె ఆడది కాదా అని నాలో నేను అనుకున్నాను.

ఆమె మా ఆయనను అన్నా అని, నన్ను వదినా అని పిలిచేది. ఊళ్లో వాళ్లు ఏమేమో అనుకుని ఉండవచ్చు కానీ, నాకు ఆ అనుమానం ఏనాడూ లేదు. నా మంట వేరు. ఏటా వేసవికి వచ్చే ఆమె మూడో ఏడు వచ్చినప్పుడు ఒక సాయంత్రం మంచె కింద చాయ్ పెట్టి రావడానికి పోయాను. జంతువులు రావడానికి ఇంకా పొద్దుంది. పై నుంచి మా ఆయన గొంతు వినబడింది. మెల్లగా, ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఇప్పపూల కోసం ఎలుగు చెట్టెక్కి ఎట్లా దిగుతుందో చెబుతున్నాడు. తన ఏడో ఏట తండ్రి తునికాకుకు పోయి అడవిలో తప్పిపోయిన సంగతి, రెండు రోజులు తల్లి వాగు ఒడ్డునే కూర్చున్న సంగతి చెప్పాడు. మా మామ సంగతి నాకు ఆ చెట్టు కింద తెలిసింది. పదకొండేళ్లు ఒకే పొయ్యి ముందు తిన్నాం, నాకు చెప్పలేదు.

చెప్పినవన్నీ ఆమె ఒక పుస్తకంలో రాసుకునేది. ఆమె స్నానానికి పోయినప్పుడు దుప్పటి మార్చే సాకుతో ఆ పుస్తకం తెరిచి చూసేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నేను రాత్రి బడిలో పలక పట్టింది ఆ తర్వాత పదేళ్లకు. మా ఆయన నోటి మాటలు అన్ని పేజీల నిండా ఉన్నాయి, అందులో ఒక్కటీ నాది కాదు.

మంచె కింద ఆ మాటలు విన్న మరునాడు మధ్యాహ్నం వాళ్లిద్దరూ గుట్ట వైపు పోయారు. నేను నాలుగు దుప్పట్లు, సబ్బు బిళ్ల పట్టుకుని చెలమ దగ్గరికి దిగాను. ఇంటి దగ్గర బోరింగు ఉంది. అయినా అక్కడికే పోయాను. చెలమ అంచున రాయి మీద దుప్పట్లు బాది, నురుగు నీళ్లు అందులోకే పారనిచ్చాను. సబ్బు వాసనకు దుప్పి కూడా దగ్గరికి రాదని నాకు తెలుసు. చుట్టూ ఇసుక మీద నా అడుగులు పడ్డాయి. ఆయన రోజూ పొద్దున ఏ జంతువు వచ్చిందో అడుగులు చూసి, తర్వాత కొమ్మతో ఇసుక చదును చేసేవాడు. నేనూ ఒక కొమ్మ విరిచి శుభ్రంగా ఊడ్చి వచ్చాను.

ఆ సాయంత్రం మంచె దగ్గరికి ఎప్పటిలాగే వెనక బాటన పోయారు. మనిషి వాసన తగలకూడదని ఆ వేళ చెలమ వైపు ఎవరూ పోరు. చీకటి పడ్డాక దిగి వచ్చారు. ఏమీ రాలేదట. లెక్చరరమ్మ మొహం వాడిపోయింది. ఆ రోజు వంకాయ కూర ఎన్నడూ లేనంత మనసు పెట్టి వండాను. ఆమె రెండుసార్లు వేయించుకుంది.

తెల్లవారి ఆయన చెలమ దగ్గరి నుంచి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"చెలమ కాడ వాకిలి ఊడ్చినవేందే?"

"నేనేంది, ఊడ్చుడేంది?"

"నేను కొమ్మ గుంజుకుంట పోత. గీత నిలువుగ పడతది. ఆడ అంతా సగం సగం చందమామలున్నయి. గట్ల ఊడ్చే చెయ్యి ఈ అడవిల ఒక్కటే ఉన్నది." గడప మీది నుంచి లేస్తూ, "ముగ్గు గూడ ఏసి రాకపోయినవ్" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నా చెయ్యి తీరు ఆయన ఎప్పుడు చూశాడో అని మాత్రం అనుకున్నాను.

"మేడమ్‌కు జెప్పు పో. ఎల్లగొట్టమను నన్ను."

"నువ్వు జల్దీ బొక్కెన అందుకో. నీళ్లు తోడి పొయ్యాలె."

చెలమలో నీళ్లు చెడిపోయాయని మాత్రం ఆమెకు చెప్పాడు. ఎండ ఎక్కుతుండగా ఇద్దరం తోడిపోస్తున్నాం. ఆమె దిగి వచ్చింది. రాయికి అంటుకున్న సబ్బు ముక్కను చూసింది, నన్ను చూసింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "వదినా, ఆ బొక్కెన ఇటివ్వు" అంది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఇద్దరి మధ్య నిలబడి మధ్యాహ్నం దాకా తోడింది. అడుగు నుంచి తేట నీరు ఊరడం మొదలయ్యాక నడుం పట్టుకుని, "సాయంత్రం వదిన కూడా పైకి రావాలన్నా. లేకపోతే నేనూ ఎక్కను" అంది.

"ఆమెకు గియ్యి ఇష్టముండయ్ మేడమ్."

"ఎవరు జెప్పిన్రు నీకు?" అన్నాను. ఆమె ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. ఆయన బొక్కెన భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు. రా అనలేదు, వద్దనలేదు.

మంచె మీద ముగ్గురికి చోటు చాలదు. వాళ్లిద్దరూ ముందు, నేను వెనక మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాను. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. పొద్దు కుంకుతుండగా వెదురు పొదలు కదిలాయి. ముందు ఒకటి, వెనక నాలుగు అడవిదున్నలు. కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టున్నాయి. చివరిదాని పక్కన ఎర్రటి దూడ. అంత పెద్ద ఒళ్లు, ఇసుక మీద అడుగు చప్పుడు లేదు. పదకొండేళ్లుగా వీటి పక్కనే బతికానా అనిపించింది.

అప్పుడు ఆయన దున్నలను చూడడం లేదు. చూసిందా లేదా అని ఆమె మొహం చూస్తున్నాడు. ఆమె కళ్లలో నీళ్లు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. నేను చిన్న చప్పుడు కూడా చేయలేదు. అయినా నోటి మీద వేలు పెట్టి, మాట్లాడకు అని సైగ చేశాడు.

దిగాక ఆమె, "ఎట్లున్నాయి వదినా?" అని అడిగింది.

"మా అమ్మగారింట్ల బర్రెలు గిట్లనే ఉంటయి" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఆయన విననట్టు నిచ్చెన సర్దుకున్నాడు.

మరుసటి వేసవికి ఆమె మళ్లీ వచ్చింది. మొదటి సాయంత్రం ఆయన వంటింటి ముందు ఆగి, నీళ్ల క్యాన్ ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ, "వస్తవా మంచెకు?" అన్నాడు. ఆమె చెప్పి పంపిందో, తానే అడిగాడో తెలియదు.

"నేనొస్తే కూర ఎవరు జేస్తరు?" అన్నాను.

ఇంకొక్కసారి అడిగితే లేచేదాన్నే. ఉల్లిగడ్డ కోస్తూ తల వంచుకుని కూర్చున్నాను. ఆయన క్యాన్ కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నాడు. తర్వాత గేటు తీసిన చప్పుడు వినబడింది.