మెట్లాయన మూసిన దారి

అటవీశాఖ కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు బాటల మేస్త్రీ. కొండ మీదా కొండ కిందా అందరూ మెట్లాయన అనేవారు. గేటు దగ్గర్నుంచి శిఖరం దాకా సాగే కాలిబాటలో ఎక్కడ రాతిమెట్టు కనిపించినా అది ఆయన పేర్చిందో, సరిచేసిందో అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. వానకి కొట్టుకుపోయిన చోట మట్టి నింపడం, నీళ్ళు బాట మీద నిలవకుండా పక్కకి మళ్ళించడం, ఊగే రాయిని గడ్డపారతో లేపి మళ్ళీ కుదురుగా కూర్చోబెట్టడం.

ఆయనకి మనుషుల ముఖాలు అంతగా గుర్తుండేవి కావు. కాళ్ళు గుర్తుండేవి. మెట్టు ఎత్తు జానెడు దాటితే జనం మెట్టు వదిలేసి పక్కనున్న గడ్డి తొక్కుతారని, మలుపు అవతల ఏముందో ముందే కనిపిస్తే మలుపు తిరగకుండా అడ్డంగా దిగుతారని ఆయనకి తెలుసు. బాట మీద ఎవరైనా జారిపడితే పడ్డవాళ్ళని లేపే ముందు రాయి వైపు చూసేవాడు. దానికి తిట్లు కూడా తిన్నాడు.

ఆ కొండ మీద ఒక చెడ్డ దారి ఉండేది. అదీ ఆయన వేసిందే.

ఇరవై రెండేళ్ళ కిందట, బావ లారీ ప్రమాదంలో పోయిన ఏడాది, మెట్లాయన అక్క కొండకి అవతలి వైపు పాత బంగళా రోడ్డు పక్కన, ఊట దగ్గర టీకొట్టు పెట్టుకుంది. చంకలో పిల్ల. మెట్లాయనకి అప్పటికి పెళ్ళికాలేదు. మధ్యాహ్నం భోజనం అక్క దగ్గరే. పై మలుపు నుంచి బాట వెంట చుట్టూ తిరిగి వెళ్తే గంట పట్టేది. గడ్డివాలు మీద నేరుగా దిగితే పావుగంట. ఆయన నేరుగా దిగేవాడు. వాలు మధ్యలో నాచు పట్టిన చిత్తడినేల ఉండేది. అక్కడ కాలు దిగబడకుండా మూడు రాళ్ళు వేసుకున్నాడు. ఆ రాళ్ళు చూసి ఒక టూరిస్టు దిగాడు. అతన్ని చూసి పదిమంది దిగారు. మూడో ఏడాదికి అది అందరి అడ్డదారి అయింది. కిందికి దిగినవాళ్ళంతా అక్క కొట్టు ముందునుంచే బస్టాండుకి పోవాలి. ఆ కొట్టు మీదే అక్క పిల్లని చదివించింది, పెళ్ళి చేసింది, రేకుల కప్పు తీసి పెంకులు వేయించుకుంది.

"వీడి ఆకలి వేసిన దారి ఇది," అనేది అక్క, కొత్తవాళ్ళకి టీ వడపోస్తూ. వాళ్ళు నవ్వేవారు. మెట్లాయన మాత్రం గ్లాసులోకి చూసేవాడు.

ఎందుకంటే వాననీళ్ళు కూడా అదే దారి పట్టాయి. మొదట చీలమండ లోతు గాడి. తర్వాత మోకాలు లోతు. సెలవు రోజుల్లో వెయ్యిమంది ఎక్కడం మొదలయ్యాక నడుము లోతు. నాచునేల వాననీటిని తడిగుడ్డలా పట్టి ఉంచి, ఏడాది పొడుగునా కాస్త కాస్తగా కింది ఊటకి వదులుతూ ఉండేది. గాడి దాన్ని రెండుగా చీల్చింది. పట్టి ఉంచాల్సిన నీళ్ళు ఒక్క రోజులో మట్టితో సహా కిందికి పోతున్నాయి. వేసవిలో ఊట సన్నబడింది.

కొత్తగా వచ్చిన రేంజరు ముప్పై ఏళ్ళు దాటని మనిషి. బూట్లు తడుస్తాయని చూసుకోకుండా గాడిలోకి దిగి టేపుతో కొలిచింది. పైకొచ్చి మెట్లాయన పక్కన నిలబడింది.

"పాత రికార్డుతో పోలిస్తే రెండేళ్ళలో మూరెడు లోతు పెరిగింది పెద్దాయనా. ఇంకో రెండు వానాకాలాలు పోతే నాచునేల మిగలదు. వానలొచ్చేలోపు ఈ దారి మూసెయ్యాలి. పైన ముళ్ళకంచె వేసి, ఒక బోర్డు పెడదామనుకుంటున్నా. సరిపోతుందంటారా?"

సరిపోదని ఆయనకి తెలుసు. దారి కళ్ళకి కనిపిస్తూ ఉంటే దాని ముందు ఏది పెట్టినా జనం దాటుతారు. దారిని మూయడమంటే అడ్డం పెట్టడం కాదు, అక్కడ దారి ఉండేదన్న సంగతే కనబడకుండా చెయ్యడం. ఉత్తరం వాలు మీద అలాంటివి రెండు ఆయన మూశాడు. అవి ఎక్కడున్నాయో ఇప్పుడు ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"వేద్దామమ్మా," అన్నాడు.

"మీకేమన్నా వేరే ఆలోచనుంటే చెప్పండి. ఈ కొండ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

"ఏముందమ్మా చెప్పడానికి."

ఆ మధ్యాహ్నం ఆయన అడ్డదారిలోనే దిగి అక్క కొట్టుకి వెళ్ళాడు. అక్క బల్ల మీద గ్లాసులు బోర్లిస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏరా, నా కొట్టుకి తాళం నువ్వే వేస్తున్నావటగా."

"ఎవరు చెప్పారు?"

"పొద్దున్నుంచి టీ తాగిన ప్రతివాడూ చెప్పాడు. తమ్ముడు తప్ప."

"కంచె వేస్తారంట. అంతే."

అక్క చేతులు ఆగాయి. ఆయన ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పాడో లేదో చూడటానికి కూడా అలాగే చూసేది.

"కంచేనా?"

"కంచే."

"అయితే పరవాలేదు," అంది. "కంచె ఉంటే ఆనుకుని ఫొటో దిగుతారు. దిగి ఇటే వస్తారు." పొయ్యి మీద పాలు పొంగకుండా ఊది, ఆయన ముందు గ్లాసు పెట్టింది. ఆ పూట బన్ను మీద వెన్న కూడా ఎక్కువే రాసింది. పొయ్యి వెనక ఊటనీళ్ళ డ్రమ్ము మూతికి కట్టిన తెల్లగుడ్డ ఎర్రమట్టి పట్టి బరువుగా లోపలికి వేలాడుతోంది. రోజుకి రెండుసార్లు గుడ్డ మారుస్తున్నానని అక్క మామూలుగా చెప్పింది.

కంచె వేశారు. తొమ్మిది రోజులు నిలిచింది. నిలవడమంటే కర్రలు నిలిచాయి, తీగ వంగింది. వంగిన చోట నుంచి కొంతమంది దాటారు. బట్టలు చిరుగుతాయనుకున్నవాళ్ళు కంచె చివరిదాకా పోయి, అవతలి గడ్డిలోంచి చుట్టూ తిరిగి దిగారు. ఇంకొందరు ఇవతలి నుంచి దిగారు. నెల తిరిగేసరికి ఒక గాడికి రెండు పక్కలా రెండు కొత్త దారులు పడ్డాయి. ఇరవై రెండేళ్ళలో ఎవరూ తొక్కని నాచు అది. వేలెడు మందం పెరగడానికి దానికి పదేళ్ళు పడుతుంది.

మెట్లాయన ఒక రోజంతా అక్కడ కూర్చున్నాడు. దిగేవాళ్ళని ఆపలేదు. ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని, "మెత్తగా పరుపులా ఉంది," అని నవ్వుతూ నాచు మీద నడిచివెళ్ళింది. ఆమె అడుగులు పడిన చోట నీళ్ళు ఊరి, మళ్ళీ ఇంకలేదు. ఆ గుంటలు ఆయన సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున రేంజరు ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి వరండాలో నిలబడ్డాడు.

"కంచె తీయించేయండమ్మా. నాకు నలుగురు మనుషుల్ని, పాతిక రోజులు ఇవ్వండి. దారి లేకుండా చేస్తాను."

ఆమె తాళంచెవి చేతిలోనే పట్టుకుని నిలబడింది. "ఇది మీకు ముందే తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరి నేను అడిగినప్పుడు?"

"ఆ కింద టీకొట్టు మా అక్కది. ఆ దారి మొదలుపెట్టింది నేను."

ఆమె తలుపు తీసి, ఫ్యాను వేసి, కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"ఈ పని వేరేవాళ్ళకి అప్పజెప్పనా?" అంది. గొంతులో కోపం లేదు. "మీరు చెప్తే చాలు, వాళ్ళు చేస్తారు."

"చెప్తే వచ్చే పని కాదమ్మా."

పని పైనుంచి మొదలైంది. జనం కళ్ళకి కనిపించేది పైనున్న ముప్పై అడుగులే. వాటిని దాచేస్తే మిగతాది సగం దానంతటదే అయిపోతుంది. తొక్కి తొక్కి బండలా గట్టిపడిన నేలని నలుగురూ గడ్డపారలతో పెళ్ళగించారు. చదును చెయ్యనివ్వలేదు ఆయన. "నున్నగా ఉంటే మళ్ళీ కాలు పెట్టాలనిపిస్తుంది. గతుకులుగానే వదిలెయ్యండి," అన్నాడు. ఎక్కడెక్కడి నుంచో రాళ్ళు మోయించి, ఒక్కోదాన్నీ మూడింట రెండు వంతులు భూమిలోకి దించాడు. పచ్చమరకలు పట్టిన వైపు పైకి, కొత్తగా పగిలిన వైపు కిందికి. ఒక రాయిని నాలుగుసార్లు తిప్పించాడు.

"మావయ్యా, ఇది రాయా, పెళ్ళికూతురా?" అన్నాడు పనివాళ్ళలో ఒకడు, నడుం పట్టుకుని.

"పెళ్ళికూతురైతే నిన్ను ముట్టుకోనిస్తానా? తిప్పు."

విరిగిపడిన చెట్ల మోళ్ళు తెచ్చి అడ్డంగా పడేసినట్టు కాకుండా, ఎప్పటినుంచో అక్కడే పడి ఉన్నట్టు పెట్టాడు. గాడిలో పదడుగులకొక రాతికట్టు వేసి నీటి వేగం విరిచాడు. వాలు వెనక, ఎవరి చూపూ పడని చోటునుంచి, గడ్డి పెళ్ళలు వేళ్ళతో సహా కోసి తెచ్చి అతికించాడు. అసలు బాట మీద మలుపుకి కాస్త అవతల, లోయ బాగా కనిపించే చోట, కూర్చోవడానికి వీలైన బండ ఒకటి వేయించాడు. జనం అది చూసి అటు నడవడం మొదలుపెట్టారు. అలా నడుస్తున్నామని వాళ్ళకి తెలియదు.

పదిహేనో రోజున నాచునేల దగ్గరికి చేరారు. మూడు రాళ్ళూ అక్కడే ఉన్నాయి, అడుగుల కింద మధ్యలో గిన్నెల్లా అరిగి. వాటిని పైకి లాగడానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఆయన వద్దని, తనే గడ్డపార వేసి తీశాడు. తీసిన గుంటల్లోకి నెమ్మదిగా నీళ్ళు చేరాయి.

అక్కడినుంచి కొట్టు కనిపిస్తుంది. కొట్టు నుంచి వాళ్ళూ కనిపిస్తారు. రోజుకి కొంత చొప్పున తమ్ముడు తన వైపు దిగుతూ రావడం అక్క చూస్తూనే ఉంది. భోజనానికి పిలవలేదు. ఆయన కూడా వెళ్ళలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా విప్పి రాయి మీద కూర్చుని తినేవాడు.

ఇరవయ్యో రోజున ఆమె కెటిల్, ఐదు గ్లాసులు పట్టుకుని ఎక్కివచ్చింది. నలుగురికీ పోసి, ఐదో గ్లాసు తమ్ముడి పక్కన నేల మీద పెట్టింది.

"కంచేనన్నావు."

"అన్నాను."

"నా ముఖం చూసి అన్నావు."

పనివాళ్ళు గ్లాసులు తీసుకుని కాస్త అవతలికి జరిగారు.

"ఇదంతా నీకు రాకపోతే వీళ్ళ వల్ల అయ్యేదా?"

"అయ్యేది కాదు."

"మరి రాదని ఊరుకోవచ్చుగా. ఎవడడిగాడు నిన్ను?"

"ఊరుకున్నానక్కా. నెల రోజులు ఊరుకున్నాను." చేత్తో నాచు వైపు చూపించాడు. "అదిగో, అదీ ఫలితం. కంచెకి ఈ పక్కా ఆ పక్కా."

అక్క అటు చూసింది. తొక్కిన చోట నాచు నల్లబడి, ఎండిన తోలులా లేచి ఉంది. ఆమె చాలాసేపు చూసింది గాని, ఏమనుకుందో ముఖంలో తెలియలేదు.

"ఊట బతికితే మాత్రం, తాగడానికి ఎవడొస్తాడురా నా దగ్గరికి," అంది చివరికి. ఖాళీ గ్లాసులు ఏరుకుని దిగిపోయింది. ఆయన గ్లాసు అక్కడే ఉండిపోయింది, నిండుగా.

వానలు పడ్డాయి. రాతికట్లలో రెండు కొట్టుకుపోతే మళ్ళీ వేశాడు. మిగతావి నిలిచాయి. బంగళా రోడ్డు మీద జనం తగ్గారు, తర్వాత లేకుండా పోయారు. అక్క కొట్టు మూసి, గేటు దగ్గర కొట్ల వరసలో అటవీశాఖ చోటిస్తే పొయ్యి అక్కడికి మార్చుకుంది. "నాది ఏడో కొట్టు. నా దాకా వచ్చేసరికి ఒక్కొక్కడూ రెండేసి టీలు తాగేసి ఉంటాడు," అని పక్క కొట్టు ఆవిడతో అనేది. తమ్ముడు అటుగా వెళ్తే టీ ఇచ్చేది. మాట్లాడేది కాదు.

రెండో ఏడాది వానలు వెలిసిన తర్వాత, ఒక సోమవారం, బేరాలు లేని పొద్దున, పొయ్యి ఆర్పేసి ఆయన దగ్గరికి వచ్చింది.

"పైకి తీసుకెళ్ళు. చూడాలి."

"నీ మోకాలికి కష్టమక్కా. గంటన్నర ఎక్కాలి."

"కష్టమో సుఖమో నేను చూసుకుంటా. పద."

రెండు గంటలు పట్టింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. పై మలుపు దగ్గర బండ మీద కూర్చుని ఊపిరి తీసుకుని, లేచి, వాలు అంచు వెంట అటూ ఇటూ నడిచింది. ఇరవై రెండేళ్ళు కిందినుంచి రోజూ చూసిన దారి. గడ్డి, రాళ్ళు, ఒక పడిన మాను. దూరంగా పల్లంలో నాచు, చాలావరకు పచ్చగా, రెండు చోట్ల ఇంకా నల్లగా.

"ఎక్కడ్రా?" అంది.

ఆయన ఆమె కాళ్ళ వైపు చూశాడు. "నువ్వు నిలబడ్డదే."

ఆమె కిందికి చూసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పుడే ఒక జంట పైనుంచి వచ్చారు. కుర్రాడి చేతిలో ఫోను. దాన్ని వాలు వైపు తిప్పి పట్టుకుని, మళ్ళీ చూసుకుని, మెట్లాయన దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, ఇక్కడినుంచి కిందికి షార్ట్‌కట్ ఉండాలే. ఫోన్‌లో చూపిస్తోంది."

"లేదు బాబూ."

"గీత స్పష్టంగా ఉంది చూడండి. బంగళా రోడ్డు దాకా."

మెట్లాయన నోరు తెరిచేలోపు అక్క వాళ్ళ వైపు తిరిగింది.

"ఆ రోడ్డు మీద ఇరవై రెండేళ్ళు టీకొట్టు నడిపానయ్యా నేను. దారుంటే నాకు తెలియదా? ఫోన్లో ఉంటే ఫోన్లోనే దిగండి." ఆపి, కాస్త మెత్తగా అంది. "ఇలా బాట వెంట పొండి. గేటు దగ్గర కొట్లున్నాయి."

వాళ్ళు ఫోన్ జేబులో పెట్టుకుని మలుపు తిరిగి వెళ్ళారు. అడుగుల చప్పుడు మెట్ల మీద చాలాసేపు వినిపించింది. అక్క మళ్ళీ బండ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంది. తమ్ముడి వైపు చూడలేదు.

"ఎక్కడం ఎలాగో ఎక్కాను. దిగడమే నా వల్ల కాదు," అంది. "చెయ్యివ్వు."