సున్నం బొట్టు చూపిన దిక్కు

రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. మా ఆయన అన్న, నాకు బావ, వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక ట్రాన్సిస్టర్ కొన్నాడు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. ఎండాకాలం వస్తే మేం ముగ్గురం నర్సంపేట అవతలి అడవికి బీడీలు చుట్టే తునికాకు కోయడానికి పోయేవాళ్లం. ట్రాన్సిస్టర్ కూడా మాతో వచ్చేది.

పాటల కోసం కాదు. డబ్బాను రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా తిరుగుతుంటే ఒక చోట హైదరాబాద్ స్టేషన్ గొంతు సన్నబడి ఆగిపోతుంది. అప్పుడు డబ్బా కొస చూపేదే హైదరాబాద్, అంటే పడమర అని బావ కనిపెట్టాడు. ఆ కొసకు సున్నం బొట్టు పెట్టుకున్నాడు. ఊరి చెలకల్లో ఎన్నిసార్లు చూసినా తప్పలేదు. ఎట్లా తప్పుతుంది? పొద్దును చూసుకుని, పడమటికి నిలబడే తిప్పేవాడు.

ఆ రోజు మబ్బు కమ్మి పొద్దు కనబడలేదు. గాలిదుమారానికి చెట్ల కింద నక్కి, లేచేసరికి వచ్చిన దారి ఎటో తెలియలేదు. మా ఆయనకు అప్పటికే వడదెబ్బ తగిలింది. కక్కుతున్నాడు. నీళ్లు అయిపోయాయి. పడమటికి పోతే రోడ్డు, బోరింగు, దవాఖానకు పోయే బస్సు. బావ డబ్బా తిప్పాడు. గొంతు ఆగింది. బొట్టు చూపిన వైపు నడిచాం.

నడిచేకొద్దీ అడవి చిక్కబడింది. ఆకు కోసిన కొమ్మ లేదు, పశువుల పేడ లేదు. మా ఆయనకు చెమట ఆగిపోయి ఒళ్లు పెనంలా కాలుతోంది. మనుషులు తిరిగిన జాడ లేదని నేనన్నాను. హైదరాబాదోళ్ల కంటే నీకే ఎక్కువ ఎరుకనా అని బావ ఎకసెక్కం చేశాడు.

తమ్ముణ్ణి చెట్టుకు ఆనించి కూర్చోబెట్టడానికి బావ డబ్బా నా చేతికిచ్చాడు. నేను ఉన్నచోటే చుట్టూ తిరిగాను. బొట్టు మేం పోతున్న వైపు ఉన్నప్పుడు గొంతు ఆగింది. మేం వచ్చిన వైపు తిరిగినప్పుడూ ఆగింది.

“బావా, ఇటు తిప్పినా ఆగుతాంది, అటు తిప్పినా ఆగుతాంది. ఏది హైదరాబాద్?”

బావ డబ్బా గుంజుకుని తానూ తిప్పాడు. మా ఆయన కళ్లు మూసుకునే నవ్వాడు.

“ఏందే అన్నా, ఇంకో హైదరాబాద్ గూడ కట్టిండ్రా?”

ఆయన తెలివి ఉండగా అన్న ఆఖరి మాట అదే.

రెండు కొసల్లో ఏది హైదరాబాద్ వైపో డబ్బాకు తెలియదు. బొట్టు పెట్టింది మేము. బావ తమ్ముణ్ణి వీపున వేసుకుని వచ్చిన వైపే మళ్లాడు. కొంత దూరం పోయేసరికి మధ్యాహ్నం ప్రోగ్రాం ముగిసింది. ఇక ఎటు తిప్పినా ఒకటే గురగుర. డబ్బా ఆపేస్తానని నేనంటే బావ వద్దన్నాడు. పిట్ట కూత కూడా లేని ఆ అడవిలో బావ రొప్పు, ఆ గురగుర, అంతే.

రోడ్డు దొరికింది. బావ ఆయన్ను దించి తల ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బోరింగు కొట్టి దోసిట్లో నీళ్లు తెచ్చి నోట్లో పోశాను. గుటక పడలేదు. నీళ్లు చెంపల మీదుగా కారిపోయాయి.

బావ మళ్లీ పొయ్యమన్నాడు. పోశాను.