పట్టీ విప్పకముందే దావత్: అల్వాల్ నుంచి శామీర్‌పేట మీదుగా మేడ్చల్ దాకా

శామీర్‌పేట అవతల బండల మీద జరిగే శుక్రవారం ప్రార్థనకు ఎలా వెళ్లాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దారి చెబుతాను. కానీ మొదటిసారి నేను ఇల్లు కదిలింది ప్రార్థన కోసమే కాదు, ఒక విందు ఆపించడానికి. రెండు వేల దశకం మొదట్లో ఒక వేసవి అది. మా ఆయన ప్రభుదాసు జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు ఇనుప ముక్క ఎగిరి కుడి కంట్లో పడింది. ఎడమ కంటి చూపు చిన్నప్పటి నుంచే అంతంతమాత్రం. ఆపరేషన్ చేసిన డాక్టరు, చూపు వస్తుందో రాదో సోమవారం పట్టీ విప్పాకే తెలుస్తుందన్నారు. ఎవరైనా సోమవారం కోసం ఎదురుచూస్తారు. ఈయన ఆదివారమే కృతజ్ఞత కూడిక పెడదామన్నాడు.

జబ్బు నయమయ్యాకో, ఉద్యోగం దొరికాకో సంఘంలో వాళ్లను ఇంటికి పిలిచి, దేవునికి స్తోత్రం చెప్పి, భోజనం పెట్టడం మా క్రైస్తవుల ఆనవాయితీ. పని కాకముందే పెట్టినవాళ్లను నేనైతే చూడలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం" అన్నాను. ఆయన నవ్వి, శామీర్‌పేట పోయి వంటకు ఖాదర్ భాయిని మాట్లాడి రమ్మన్నాడు.

నా భయాలు రెండు. ఒకటి ఆ కన్ను. రెండోది చెప్పడానికి సిగ్గే గానీ, జనం. ఆదివారం తిని వెళ్లినవాళ్లు సోమవారం చూపు రాలేదని తెలిస్తే ఏమనుకుంటారు? రేపటి గురించి చింతపడకూడదని ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. ఇంటికి తాళం వేశాక లాగి చూసి, సందు చివరి దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసేదాన్నీ నేనే.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అల్వాల్‌లో కరీంనగర్ రోడ్డు బస్సెక్కాను. టికెట్టు అప్పట్లో పది రూపాయల లోపే. తూంకుంట దాటాక గాలి మారుతుంది, ఎడం వైపు కిటికీ దొరికితే హాయిగా ఉంటుంది. ముప్పావుగంటలో శామీర్‌పేటలో దిగి, ఊళ్లోకి నడిచి ఖాదర్ భాయి ఇల్లు అడిగాను. అల్వాల్ సంఘంలో సగం పెళ్లిళ్లకు వండింది ఆయనే. వాకిట్లో పెద్ద పెద్ద డేగ్చాలు బోర్లించి ఉన్నాయి. టీ తెప్పించబోతే వద్దన్నాను, ఆ రోజు నాకు ఉపవాసం. "రోజానా? అచ్ఛా" అని ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. ఏం ఫంక్షనని అడిగితే జరిగిందంతా చెప్పాను.

"పట్టీ ఇప్పకముందే దావతా?" అన్నాడు ఆశ్చర్యంగా.

నా మనసులోని మాటే ఆయన నోట వచ్చినట్టయింది. సాయంత్రంలోగా ఫోన్ చేసి ఖాయం చేస్తానని చెప్పి లేచాను. ఖాయం చేసే ఉద్దేశం నాకు లేదు. ముందు బండల దగ్గరికి పోయి, ప్రార్థన నడిపించే సువార్తమ్మతో మా ఆయనకు బుద్ధి చెప్పించాలనుకున్నాను. ఆమె మాట మా ఆయన జవదాటడు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు షేర్ ఆటోలు నిండితే గానీ కదలవు. అరగంట కూర్చున్నాను. బండల దగ్గర దిగుతానంటే డ్రైవరు ప్రార్థనకేనా అని అడిగి, చిల్లర తీసుకోకుండా, "గా పైసలు ఉండనీయున్రి మేడమ్. మా అవ్వకు మోకాళ్లు వంగుతలెవ్వు. ఆమె కోసం గూడ ఓ మాట చెప్పున్రి" అన్నాడు.

రోడ్డు నుంచి పది నిమిషాలు ఎక్కితే రేకుల షెడ్డు, చుట్టూ బండలు. చాపల మీద ఓ ఇరవై మంది ఆడవాళ్లున్నారు. నేను సువార్తమ్మను పక్కకు పిలిచి, సోమవారం దాకా ఆగమని మీరన్నా చెప్పండి పెద్దమ్మా అని మొరపెట్టుకున్నాను. ఆమె అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పని అయినంక ఇచ్చేదాన్ని కూలి అంటరు బిడ్డా" అంది. "దేవునికి కూలి ఇస్తవా, కృతజ్ఞత చెప్తవా?"

కోపం వచ్చింది. కన్ను ఈమెది కాదు కదా అనుకున్నాను. ఎండకు కాలే బండ పక్కన, కాస్త నీడలో మోకరించాను. మా ఆయన పేరెత్తి, అక్కడే ఆగిపోతున్నాను. చివరికి ఆటో డ్రైవరు వాళ్ల అవ్వ మోకాళ్ల గురించి మొదలుపెట్టాను, ఒప్పుకున్న మాట కదా అని. ఎవరో తెలియని ముసలామె కోసం అడుగుతూ అడుగుతూ ఎప్పుడు మా ఇంట్లోకి వచ్చేశానో తెలియదు. ఏడ్చాను. భయమంతా పేరుపేరునా చెప్పేశాను, జనం మాటతో సహా. లేచేసరికి సోమవారం సంగతి నాకేమీ తెలియలేదు గానీ, అది తెలిసినవాడి చేతికి అప్పగించానన్న ధైర్యం మాత్రం గట్టిగా వచ్చింది.

మధ్యాహ్నం రోడ్డు మీదికి దిగి, ఇంకో షేర్ ఆటోలో మేడ్చల్ చేరి, స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి ఖాదర్ భాయికి ఫోన్ చేసి ఖాయమన్నాను. "నేను మటన్‌కు ఎప్పుడో చెప్పిన. రోజా ఉన్నోళ్లు ఇగ వద్దని ఎట్లంటరు?" అన్నాడాయన. లోకల్ రైల్లో అల్వాల్ వచ్చే దాకా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. వద్దని చెప్పొచ్చినవా అని అడిగాడు. అవునంటే బాగుండుననే గొంతు అది. లేదన్నాను. ఆయన పట్టీ అంచు తడుముకున్నాడు.

"సోమవారం చీకటే ఉంటే నా నోట్లకెల్లి కృతజ్ఞత రాదేమోనని భయమైంది సునీతా. అందుకే ముందే చెప్దామనుకున్న" అన్నాడు. "పొద్దటిసంది చూస్తున్న, గిప్పుడు గూడ వస్తలేదు."

ఇన్నాళ్లూ ఆయన నవ్వు చూసి భయమంతా నా ఒక్కదానిదే అనుకున్నాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"రాకుంటే నేను చెప్త. నువ్వు ఆమెన్ అను" అన్నాను.

ఆదివారం అట్లాగే జరిగింది. ఆయన లేచి రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. పదిమందిలో నోరు విప్పని నేను మిగతా ప్రార్థన చేశాను. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా ఆయనదే వినిపించింది. మిగిలిన బిర్యానీ డబ్బాల్లో సర్ది, గుడ్డసంచిలో పెట్టుకుని, రాలేని ముసలివాళ్ల ఇళ్లకు ఇచ్చొచ్చాను. సోమవారం హడావుడిలో ఆస్పత్రి కాగితాలు అదే సంచిలో పెట్టుకుని బయల్దేరాం. డాక్టరు పట్టీ విప్పి, మెల్లగా కన్ను తెరవమన్నారు. నా ఒళ్లో ఉన్న సంచి వైపు ఆయన చాలాసేపు చూశాడు.

"సంచికి గా మరకేంది?" అన్నాడు.

ఆ కంటికి అంచుల్లో మసక ఇప్పటికీ ఉంది, అద్దాలు తప్పలేదు. నా చింత కూడా పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ వస్తుంది, కానీ కూర్చోబెట్టి మర్యాదలు చేయడం మానేశాను. చూపు వచ్చినందుకు ఆ తర్వాత చాలాసార్లు స్తోత్రం చెప్పుకున్నాం. అయినా బండల దగ్గర వచ్చిన ధైర్యం నాలో నిలబడింది చూపు వచ్చిన సోమవారం కాదు, ఏమీ తెలియకుండానే ఆమెన్ అనుకున్న ఆదివారం. మీరు బండలకు వెళ్లాలనుకుంటే శుక్రవారం పొద్దున్నే బయల్దేరండి, నీళ్లు పట్టుకెళ్లండి, మేడ్చల్ నుంచి రైళ్లు తక్కువ కాబట్టి టైము ముందే కనుక్కోండి. రైలు కాదని శామీర్‌పేట మీదుగానే తిరిగొచ్చి ఖాదర్ భాయి దగ్గర బిర్యానీ కట్టించుకుంటే మాత్రం పాత సంచి తీసుకెళ్లండి. ఆ నూనె మరక ఎంత ఉతికినా పోదు. మా సంచి మీద ఇప్పటికీ ఉంది.