పసరాకు లాంటి పిన్ నంబరు

నేను నూజెండ్ల వైపు ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజరుగా వెళ్లేసరికి మా గోడవారన కొత్తగా ఏటీఎం పెట్టి ఉంది. దాని ముందు లేచే కేకలకు ఎక్కడో మాచవరంలో పడుకున్న బర్రెలు కూడా ఉలిక్కిపడి లేచేవని నా గట్టి నమ్మకం. వెనకనున్నవాళ్లు పిన్ నంబరు అరిచి చెప్పడం, ముందున్నవాళ్లు వాళ్ల బదులు మీటలు నొక్కడం అక్కడి పద్ధతి.

"పెద్దమ్మా, నంబరు ఎవరికీ చెప్పకూడదు" అన్నాను, అందరికన్నా పెద్దగొంతు గల ఆవిడతో.

"వీడు మా తోడికోడలి కొడుకయ్యా. వీడికి చెప్పనంటే బాగుంటదా? చుట్టరికాలు తెంచడానికొచ్చావా ఏంది?"

హెడ్డాఫీసు వాళ్లు ఒక పోస్టరు పంపారు. చదవబోతే అందులో 'గోప్యత' దాటి 'అనధికార వినియోగం' చేరేలోగా ఒక కారు మిరప పంట చేతికొస్తుంది. ఆ వెంటనే తనిఖీ అధికారి ఫోను: "వచ్చే వారం వస్తున్నా. ఒక్కరు నంబరు బయటికి చెప్పినా మిషన్ శావల్యాపురం వెళ్లిపోతుంది." అంటే డబ్బు తీసుకోవాలంటే ఊరు ఊరంతా షేరాటోలకు వేలాడుతూ వినుకొండ పోవాలి.

ఆ పెద్దమ్మ పచ్చకామెర్లకు పసరు పోస్తుంది. ఏదో తట్టి, వాళ్లింటికి వెళ్లి అడిగాను.

"పెద్దమ్మా, ఆ ఆకు పేరేంది?"

"అమ్మో! చెబితే మందు పనిచెయ్యదు. మా ఆయనకే చెప్పలా."

"ఆయనకు కోపం రాలేదా?"

"ఎందుకొస్తది? పసరాకు పేరు అడగకూడదని అందరికీ తెలుసు గదా."

"నీ కార్డు నంబరు కూడా ఆకు పేరే అనుకో."

ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. "ముందే చెప్పొద్దా నాయనా! ఊరంతా పంచిపెట్టాను గదా!"

చుట్టాన్ని నొప్పించకుండా కాదనే దారి ఊరికి అలా దొరికింది. ఆవిడే ఇంటింటికీ తిరిగి చెప్పింది. మర్నాటి నుంచి జనం నంబర్లు మార్చుకోవడానికి తిరునాళ్లలా విరగబడ్డారు. మీటలు నొక్కడం నేర్పీ నేర్పీ నా చూపుడువేలు ఒక అంగుళం అరిగింది.

అధికారి రానే వచ్చాడు. పెద్దమ్మ ఒక్కో అంకె వెతుక్కుంటుంటే తేనె పూసిన గొంతుతో, "నంబరు చెప్పండమ్మా, నేను నొక్కుతా" అన్నాడు.

"ఎవరయ్యా నువ్వు? మా వాళ్లకే చెప్పలా! అవతలికి పో. ఇంకా అవతలికి!"

వరుసలోని ఆడవాళ్లంతా గొంతు కలిపారు. ఆయన వెనక్కి నడిచీ నడిచీ రోడ్డవతల మిరప కల్లంలో తేలాడు. అక్కణ్ణుంచే నాకు ఫోను, మధ్యమధ్య తుమ్ములు.

"మిషన్ మీకే ఉంటుంది. ముందు నన్ను లోపలికి రానివ్వమని చెప్పండి."